నేరారోపణ వార్తల్లో తొందరపాటు తగదు

"పేపర్ల పడ్డదంటే నిజమే ఉంటది" అనే మాట మన పల్లెల్లో ఇంకా వినబడుతూనే ఉంది. టీవీలు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, వాట్సాప్‌లో గంటకో కబురు వస్తోంది. అయినా ఫలానా మనిషి మీద ఫలానా నేరం మోపారన్న సంగతి ఖాయం చేసుకోవడానికి తెల్లవారి చాయ హోటల్ దగ్గర పేపరు విప్పి చూసేవారు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరికి పోయినా కనిపిస్తారు. ఈ నమ్మకం పత్రికలకు గౌరవమే. అయితే ఆ నమ్మకానికి తగిన జాగ్రత్త నేరవార్తలు రాయడంలో ఉంటోందా అన్నది ఆలోచించవలసిన విషయం.

దొంగతనమో, హత్యో, అత్యాచారమో, చేతబడో, ఏదో ఒక నింద పడిన మనిషికి ఊళ్లో ఏమవుతుందో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. నాట్లకు, కలుపుకు పిలిచేవారు ఉండరు. కిరాణా కొట్లో ఉద్దెర పుట్టదు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంటే కుదరబోయిన సంబంధం వెనక్కి పోతుంది. నాలుగేళ్ల తర్వాత కోర్టు నిర్దోషి అని విడిచిపెట్టినా ఆ తీర్పును గ్రామ పంచాయతీ దగ్గర చదివి వినిపించేవారు లేరు. నింద అచ్చయిన పేపరు ముక్క మాత్రం ఎవరింట్లోనో సూరు కింద భద్రంగా ఉంటుంది. పంచాదు వచ్చినప్పుడల్లా బయటికి వస్తుంది.

నేరం జరిగిన మొదటి రోజు ఎవరికీ పూర్తి నిజం తెలియదు. ఫిర్యాదు చేసినవారు ఒకటి చెబుతారు, ఆరోపణ పడ్డవారి ఇంటివారు మరొకటి చెబుతారు, పోలీసులు ఇంకొకటి చెబుతారు. ఊరు నాలుగోది చెబుతుంది. వీటిలో ఏది ఎవరి మాటో విడదీసి రాయడమే విలేకరి పని. కాని జరుగుతున్నది ఏమిటంటే, ముందు ఏ మాట చెవిన పడితే అదే జరిగిన సంగతిగా అచ్చవుతోంది.

గొర్రెకుంట బావి

పాత వరంగల్ జిల్లా పాఠకులు మరచిపోలేని ఉదంతం ఒకటుంది. 2020 మే 21న గీసుకొండ మండలం గొర్రెకుంటలో గోనె సంచుల గోదాం పక్కనున్న బావిలో నాలుగు శవాలు తేలాయి. మర్నాడు మరో ఐదు తేలాయి. మొత్తం తొమ్మిది మంది. వారిలో ఆరుగురు పశ్చిమ బెంగాల్ నుంచి దాదాపు ఇరవయ్యేళ్ల క్రితం బతుకుదెరువుకు వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒకే కుటుంబం. మూడేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. మిగిలినవారు ఇద్దరు బీహార్ యువకులు, ఒక త్రిపుర వాసి.

అవి లాక్‌డౌన్ రోజులు. వలస కూలీలు పిల్లలను భుజాన వేసుకుని వందల మైళ్లు నడిచిపోతున్న కాలం. పనుల్లేవు, కూలి లేదు. శవాల మీద పైకి కనిపించే పెద్ద గాయాలు లేవు. ఇంకేముంది, ఆకలికి తాళలేక కుటుంబమంతా బావిలో దూకిందన్న కథనం మొదటి రోజే బయలుదేరింది. ఢిల్లీ దాకా పాకింది. ఆ కథనం నమ్మడానికి తేలికగా ఉంది. చుట్టూ కనిపిస్తున్న దుఃఖానికి సరిగ్గా అతికింది. రెండో రోజు ఇంకో ఐదు శవాలు, అందులో కుటుంబానికి సంబంధం లేని ముగ్గురు, తేలేసరికి ఆత్మహత్య మాట నిలవలేదు. అప్పుడు ఊహలు మరో దారి పట్టాయి. కుటుంబ తగాదాలన్నారు, చనిపోయినవారి సొంత విషయాలు తవ్వారు. శవం కాటికి చేరకముందే మనిషి మంచిచెడ్డలు తేల్చేసే అలవాటు మనకు ఉండనే ఉంది.

మే 25న పోలీసులు బీహార్‌కు చెందిన ఒక యువకుణ్ణి అరెస్టు చేసి చూపించారు. అంతకు ముందు మార్చిలో అతడు ఆ కుటుంబపు బంధువైన ఒక మహిళను రైలు నుంచి తోసి చంపాడని, ఆమె ఏమైందని ఇంటి ఇల్లాలు నిలదీసి పోలీసులకు చెబుతానని బెదిరించడంతో భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని గోనె సంచుల్లో ఈడ్చుకుపోయి బావిలో పడేశాడని అభియోగం. ఐదు నెలలకే, అక్టోబరు 28న, వరంగల్ కోర్టు నేరం రుజువైందని అతనికి మరణశిక్ష విధించింది.

ఆత్మహత్య అన్న మాటతో అందరూ తృప్తిపడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. శవపరీక్ష, కెమెరాల దృశ్యాలు, పాత మిస్సింగ్ సంగతి తవ్వడం, ఇవన్నీ కలిస్తే గాని అసలు విషయం బయటికి రాలేదు. ఆ నాలుగు రోజులూ పత్రికలు రాయదగినది ఒక్కటే: తొమ్మిది మంది చనిపోయారు, ఎలా చనిపోయారో తెలియదు. కాని "తెలియదు" అనే మాటకు మన వార్తల్లో చోటు దొరకడం కష్టం. తెలియదని రాస్తే విలేకరికి చేతకాలేదనుకుంటారు.

ఘట్‌కేసర్‌లో జరిగినది

గొర్రెకుంటలో మొదటి కథనం తప్పినా, ఆ తప్పు వల్ల బతికున్నవారెవరి మీదా నేరం పడలేదు. తొమ్మిది నెలల తర్వాత ఘట్‌కేసర్‌లో అలా కాలేదు. జనగామ నుంచి హైదరాబాద్ పోయే ప్రతి బస్సూ దాటే ఊరే అది.

2021 ఫిబ్రవరి 10 సాయంత్రం ఫార్మసీ చదువుతున్న ఒక విద్యార్థిని కాలేజీ నుంచి ఇంటికి వస్తూ, దిగవలసిన చోట ఆటో ఆపకుండా తీసుకుపోతున్నారని తల్లికి ఫోన్ చేసింది. తల్లిదండ్రులు వెంటనే పోలీసులకు చెప్పారు. కొద్ది గంటల్లోనే ఆమెను కనుగొని ఆసుపత్రికి చేర్చారు. తనను ఎత్తుకుపోయి అఘాయిత్యం చేశారని ఆమె చెప్పడంతో కేసు నమోదైంది. ఇంతవరకు ఎవరు చేసినదీ తప్పు పట్టేది లేదు. ఆడపిల్ల అలా చెప్పినప్పుడు నమ్మి కేసు పెట్టడం పోలీసుల విధి. ఫిర్యాదు వచ్చిందని రాయడం పత్రికల విధి.

కాని వార్త అలా రాలేదు. ఫిర్యాదు అన్న మాట, ఆరోపణ అన్న మాట మాయమై, ఆటోవాళ్లు అఘాయిత్యం చేశారని నిర్ధారణగా ప్రచారమైంది. అంతకు ఏడాది క్రితమే శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిని చంపి కాల్చిన ఘోరం జరిగి ఉండడంతో జనం రగిలిపోయారు. అనుమానంతో కొందరు ఆటో డ్రైవర్లను తీసుకెళ్లి విచారించారు. ఎన్‌కౌంటర్ చేయాలన్న కేకలు కూడా లేచాయి.

ఫిబ్రవరి 13న రాచకొండ పోలీస్ కమిషనర్ మహేష్ భగవత్ విలేకరుల సమావేశం పెట్టారు. కిడ్నాప్ గాని అత్యాచారం గాని జరగలేదని, దారిలోని కెమెరాలు, ఫోన్ సిగ్నళ్లు పరిశీలిస్తే ఆమె ఒంటరిగానే తిరిగినట్టు తేలిందని, చెప్పినది కల్పితమని ప్రకటించారు. ఆటో డ్రైవర్లు బతికి బయటపడ్డారు. ఆ మూడు రోజుల్లో ఆవేశం ఇంకొంచెం ముదిరి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే భయం వేస్తుంది.

కథ అక్కడితో ఆగలేదు. మూడు రోజులు డ్రైవర్ల మీద అరిచిన నోళ్లే నాలుగో రోజు ఆ పిల్ల మీదికి తిరిగాయి. నాటకమాడిందన్నారు, రాష్ట్రాన్ని మోసం చేసిందన్నారు, పరువు పోగొట్టిందన్నారు. అలా ఎందుకు చెప్పవలసి వచ్చింది, ఇంట్లో ఏమి బాధ ఉంది, మనసు ఏ స్థితిలో ఉంది అని అడిగినవారు తక్కువ. కల్పితం అన్నది కూడా అప్పటికి పోలీసుల మాటే. ఆ మాట మీద కోర్టు ఏమీ చెప్పలేదు. ఫిబ్రవరి 24న ఆమె ప్రాణం తీసుకుంది. ఇరవయ్యేళ్లు కూడా నిండని పిల్ల.

ఈ ఉదంతాన్ని పట్టుకుని ఆడపిల్లల ఫిర్యాదులన్నీ ఇలాంటివేనని వాదించేవారు మన ఊళ్లలో ఉన్నారు. అది పొరపాటు మాత్రమే కాదు, అన్యాయం. అఘాయిత్యం జరిగినా పరువుకు భయపడి ఠాణా గడప తొక్కని కుటుంబాలు ఎన్నో ఉన్నాయని తండాల్లో, గూడేల్లో తిరిగేవారికి తెలుసు. పెద్దమనుషుల మధ్య పైసలతో మాటు చేసిన సంగతులు బయటికి రానే రావు. నేను చెప్పేది వార్త సంగతి. "ఆమె ఇలా ఫిర్యాదు చేసింది, పోలీసులు విచారిస్తున్నారు" అని మొదటి రోజూ, "పోలీసులు ఇలా అంటున్నారు" అని నాలుగో రోజూ రాసి ఉంటే డ్రైవర్లకూ అంత అవమానం ఉండేది కాదు, ఆ పిల్లకూ తల ఎత్తుకునే దారి కొంత మిగిలేది.

పోలీసు మాటే తీర్పా?

ఫిర్యాదు చేసినవారి మాట తీర్పు కానట్టే పోలీసుల మాటా తీర్పు కాదు. దీనికి కృష్ణా జిల్లా ఉదాహరణ చాలు. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని లేడీస్ హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. నెలల తరబడి దొంగ దొరకలేదని విమర్శలు వచ్చాయి. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు దళిత యువకుణ్ణి ఒకణ్ణి పట్టుకుని నేరం ఒప్పుకున్నాడన్నారు. అతడు నరాల జబ్బుతో నడవలేని స్థితికి కూడా వచ్చాడు. చనిపోయిన అమ్మాయి తల్లి మాత్రం అసలు నేరస్థుడు అతడు కాదని, పెద్దలను తప్పించడానికి పేదవాణ్ణి ఇరికించారని మొదటి నుంచీ అంటూనే వచ్చింది. ఆమె మాటను పత్రికలు రాయకపోలేదు. ఆ మాత్రం న్యాయం చేశాయి.

2010 సెప్టెంబరులో విజయవాడ కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని హైకోర్టు అతడు నిర్దోషి అని తీర్పు చెప్పింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. లక్ష రూపాయలు ఇవ్వాలని, దర్యాప్తు చేసిన పోలీసులపై చర్య తీసుకోవాలని కోర్టు ఆదేశించింది. ఎనిమిదేళ్లకు లక్ష రూపాయలంటే రోజుకు ఎంత పడుతుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. మన ఉపాధి హామీ కూలి అంతకంటే చాలా ఎక్కువ. 2018లో కేసు సీబీఐకి పోయింది.

ఇక శంషాబాద్ పశువైద్యురాలి కేసు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని తమపై దాడి చేయబోతే కాల్చామని పోలీసులు చెప్పారు. జనం పోలీసులపై పూలు చల్లారు. పత్రికలు పోలీసులు చెప్పినది చెప్పినట్టు రాశాయి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటపడింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని కమిషన్ తేల్చింది. ఇంకో సంగతి ఏమిటంటే, నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని అందులో ఉంది. పేపర్లలో మాత్రం అందరికీ ఇరవయ్యేళ్లు దాటినట్టే వచ్చింది. పోలీసులు ఇచ్చిన కాగితం మీద అలాగే ఉంది గనుక. బడికి పోయి చేర్చుకున్న రిజిస్టర్ చూస్తే తెలిసే విషయం అది.

ఆ ఘోరం చిన్నదని గాని, ఆ తల్లిదండ్రుల దుఃఖం తక్కువని గాని ఎవరూ అనరు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోసిన మూడు రోజులకే నిందితులు ముగ్గురూ కాల్పుల్లో చనిపోయినప్పుడు ఈ జిల్లా ఎంత సంబరపడిందో చూసినవారికి జనం కోపం ఎంతటిదో తెలుసు. కోపం జనానికి ఉండవచ్చు. వార్త రాసే కలానికి ఉండరాదు.

భూపాలపల్లిలో రెండు కథనాలు

ఇటీవల మన దగ్గర జరిగినదే చూద్దాం. 2025 ఫిబ్రవరి 19 సాయంత్రం భూపాలపల్లి పట్టణంలో ఒక వ్యక్తిని నడిరోడ్డు మీద కత్తులతో పొడిచి చంపారు. 2023 అక్టోబరులో మహదేవపూర్ మండలంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తర్వాత, మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ తదితరులపై కేసు పెట్టాలని కోర్టుకెక్కిన మనిషి ఆయనే. అందుచేత గంటల్లోనే రెండు కథనాలు బయలుదేరాయి. మేడిగడ్డ కేసు వల్లనే చంపించారని, దీని వెనుక బీఆర్‌ఎస్ వారున్నారని కాంగ్రెస్ నాయకులు ఆరోపించారు. మాకే సంబంధమూ లేదని, శవం మీద రాజకీయం చేస్తున్నారని బీఆర్‌ఎస్ వారు తిప్పికొట్టారు. నాలుగు రోజులకు జిల్లా ఎస్పీ కిరణ్ ఖరే కొందరిని అరెస్టు చేసినట్టు చెప్పి, హత్యకు భూ తగాదాయే కారణమన్నారు.

ఈ మూడూ ఆరోపణలే. చివరిది పోలీసుల దర్యాప్తు మాట గనుక బరువు ఎక్కువ, అంతే. అదీ సాక్ష్యంతో నిలవవలసింది కోర్టులోనే. కాని మన ఊళ్లలో ఏ ఇంటికి ఏ పేపరు వస్తే ఆ ఇంట్లో ఆ కథే నిజమైంది. ఏ పత్రిక ఏ పార్టీకి దగ్గరో బడి పిల్లలకు కూడా తెలిసిన కాలమిది. ఒకే సంఘటనకు ఒక పేపర్లో రాజకీయ హత్య, మరో పేపర్లో భూ తగాదా అని పతాక శీర్షికలు వస్తే, రెండూ కొనలేని పాఠకుడు ఏమనుకోవాలి? చనిపోయిన మనిషి కుటుంబానికి ఈ కొట్లాటతో ఒరిగేదేమిటి?

వార్త ఎలా తయారవుతుంది

ఇలా ఎందుకు జరుగుతుందో గ్రామీణులకు కొంత తెలియడం మంచిది. మండల విలేకరికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి వచ్చే లైన్ అకౌంట్ పైసలు పెట్రోలుకు కూడా చాలవు. వార్త సాయంత్రం లోపల హన్మకొండ డెస్కుకు చేరాలి. జనగామ జిల్లా ఠాణాలు వరంగల్ కమిషనరేట్ కిందివి; మహబూబాబాద్, భూపాలపల్లిలకు వేరే ఎస్పీలున్నారు. ఎక్కడైనా పద్ధతి ఒకటే. పోలీసులు నిందితుణ్ణి పట్టుకుని, ముసుగు వేసి, ముందు బల్ల మీద కత్తులో నగలో పరచి, ఫొటో దిగి, ప్రెస్ నోటు పంపుతారు. నోటు ముందే టైపు చేసి ఉంటుంది. అది వాట్సాప్‌లో వస్తుంది. దానికి పేర్లూ ఊళ్లూ చూసుకుని పంపితే పని అయిపోతుంది. ఫిర్యాదు చేసినవారి ఊరు ఒక దిక్కు, నిందితుడి తండా మరో దిక్కు. రెండూ తిరిగి రావాలంటే డెస్కు మూతపడుతుంది. ఠాణాలో మంచి లేకపోతే రేపటి కబురు అందదన్న భయం ఒకటి. ఈ చిక్కులన్నీ నిజమే. అవి కారణాలే గాని సాకులు కాజాలవు. నిందితుడి ఇంటికి పోలేకపోతే ఫోన్ చేయవచ్చు. ఫోన్ దొరకకపోతే, వారి వివరణ ఇంకా అందలేదని ఒక్క ముక్క రాయవచ్చు. దానికి పట్టేది ఒక లైను.

ఈ పద్ధతిలో బీదవాడికి జరిగే అన్యాయం ఇంకొకటి ఉంది. గుడుంబా కేసులోనో, మోటరు వైరు దొంగతనంలోనో దొరికిన మనిషికి పేరు, తండ్రి పేరు, తండా పేరు, వయసుతో సహా వస్తుంది. కొన్నిసార్లు కులం కూడా వస్తుంది. అదే పలుకుబడి ఉన్నవాడి మీద కేసు అయితే "ఒక ప్రముఖుడు", "ఓ నాయకుడి బంధువు" అని వస్తుంది. ఇద్దరి మీదా ఉన్నది ఆరోపణే. అయితే ఇద్దరి పేర్లూ రాయాలి, లేదా ఇద్దరివీ ఆపాలి.

ఇప్పుడు యూట్యూబ్ చానళ్ల లోగోలు పట్టుకుని వచ్చేవారితో పోటీ కూడా పెరిగింది. వారిలో బాధ్యతగా పనిచేసేవారు లేకపోలేదు. కాని సందేహం ఉన్న మాటను గంటలో ఊరంతా చాటితే ఏమవుతుందో 2018 మే నెలలో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వచ్చిన కబురుతో బీబీనగర్ మండలంలో ఒక మనిషిని జనం కొట్టి చంపారు. అతడు చుట్టాలింటికి పోతున్న ఆటో డ్రైవరని చెప్పుకున్నారు. అదే సమయంలో గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా కళాకారులతో డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ కబుర్లు అబద్ధమని చెప్పించారు. పుకారు పోయిన దారినే నిజం కూడా పోవాలని గుర్తించిన అధికారులు అరుదు.

చట్టం చెప్పేది

చట్టం సంగతి నాలుగు మాటల్లో. ఎఫ్‌ఐఆర్ అంటే మొదట అందిన సమాచారం. నేరం జరిగిందనే ధ్రువపత్రం కాదు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడని మనం రోజూ చదువుతాం. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టంలోనే ఉంది, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. ఆ మాటను బట్టి దొరికిన వస్తువు వరకే విలువ. అత్యాచార బాధితురాలి పేరు, ఆనవాళ్లు అచ్చు వేస్తే రెండేళ్ల దాకా జైలు. అయినా 2019లో ఆ డాక్టరమ్మ ఫొటో దేశమంతా తిరిగింది. పోలీసులే "దిశ" అని పేరు పెట్టవలసి వచ్చింది. ఊరి పేరు, తండ్రి వృత్తి, కాలేజీ పేరు రాసి పేరు మాత్రం రాయలేదని చెప్పుకోవడం మన పల్లెల్లో చెల్లదు. మూడు వందల గడపల ఊళ్లో ఆ మాత్రం చాలు.

దర్యాప్తులో ఉన్న కేసుల గురించి పోలీసులు విలేకరులకు ఏమి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నదానికి నియమాలు తయారు చేయాలని 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించింది. పక్షపాతంతో కూడిన వార్తలు, ఆ వ్యక్తి నేరం చేశాడన్న అనుమానాన్ని ప్రజల్లో నాటుతాయని అప్పుడు చెప్పింది. ముసుగు వేసిన మనిషిని బల్ల వెనుక నిలబెట్టే తంతు మాత్రం మన ఠాణాల్లో సాగుతూనే ఉంది.

పాఠకులు చేయగలిగినది కూడా ఉంది. ఠాణాలో నమోదైన ఎఫ్‌ఐఆర్‌ను, సున్నితమైన కేసులు తప్ప, 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులో ఉన్న కేసు ఎంతవరకు వచ్చిందో ఈ-కోర్ట్స్‌లో కేసు నంబరు కొట్టి పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. ఊళ్లో చదువుకున్న పిల్లవాడిని అడిగితే రెండు నిమిషాల పని. పేపర్లో తప్పు వస్తే ముందు సంపాదకునికి రాతపూర్వకంగా ఖండన పంపాలి. వేయకపోతే వార్త వచ్చిన రెండు నెలల లోపల ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మందలించడం తప్ప జరిమానా వేసే అధికారం దానికి లేదు, టీవీలు దాని పరిధిలోకి రావు. అయినా ఒక కాగితం పోయిందంటే డెస్కు జాగ్రత్త పడుతుంది.

తీర్పుల సంగతి చివరగా. 2020 అక్టోబరులో మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల బాలుణ్ణి ఎత్తుకుపోయి చంపిన కేసులో తీర్పు 2023 సెప్టెంబరులో వచ్చింది. రాష్ట్రమంతా అట్టుడికిన కేసు గనుక మూడేళ్ల తర్వాత కూడా మొదటి పేజీలో వార్త అయింది. కొట్లాట, దొంగతనం, గంజాయి, వరకట్నం వంటి మామూలు కేసుల్లో విడుదలైనవారి సంగతి ఎక్కడా రాదు. అరెస్టుకు మూడు కాలమ్‌లు ఇచ్చిన పేజీలో విడుదలకు మూడు లైన్లు దొరకవు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటికీ 2022 జూన్ నుంచి సొంత జిల్లా కోర్టులు ఉన్నాయి. వారం వారం అక్కడ ఎవరికి శిక్ష పడింది, ఎవరు నిర్దోషులుగా బయటపడ్డారు అన్నది కోర్టు కానిస్టేబుల్‌ను అడిగినా, గుమాస్తాను అడిగినా చెబుతారు. పేరు ఏ పేజీలో నిందతో వచ్చిందో అదే పేజీలో, అదే ఊరి పేరుతో, సోమవారం సోమవారం ఆ జాబితా అచ్చు వేయవలసిందిగా పత్రికల యాజమాన్యాలను కోరుతున్నాం. దానికి కావలసింది వారానికి అర కాలమ్ జాగా.